ఓర్చుకోవడం వేరు, కదలడం వేరు

మోకాళ్ళ నొప్పుల గురించి సాహిత్య పత్రికలో రాయడానికేముంది, అది డాక్టర్లు చూసుకోవలసిన విషయం కదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, మందుల సంగతి డాక్టర్లే చెప్పాలి. కానీ కీళ్ళ జబ్బుతో బతికే స్త్రీ ముందు మందులతో తేలని ప్రశ్న ఒకటుంది. ఈనాటి వైద్యం ఆమెకి చెప్పే మొదటి మాట: "కాస్త నొప్పిగా ఉన్నా సరే, కదలండి." ఊహ తెలిసినప్పటి నుంచీ ఇల్లు ఆమెకి చెబుతూ వచ్చిన మాట: "కాస్త నొప్పిగా ఉంటే మాత్రం ఏమైంది, ఓర్చుకో." వినడానికి రెండూ అక్కచెల్లెళ్ళలాగే ఉంటాయి. నొప్పిని ఖాతరు చేయవద్దని రెండూ చెబుతున్నట్టే అనిపిస్తుంది. మరి మొదటి మాట విను, రెండో మాట వినకు అని ఒక స్త్రీకి ఏ ఆధారంతో చెప్పగలం? రెంటికీ తేడా ఉందా? ఉంటే ఎక్కడుంది? దేహం ఎవరిది, శ్రమ ఎవరి కోసం, నొప్పికి సాక్షి ఎవరు అని మనం ఏళ్ళుగా వేసుకుంటున్న ప్రశ్నలే ఇక్కడా ఎదురవుతాయి. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు కొన్ని వాస్తవాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ప్రపంచంలో 52 కోట్ల 80 లక్షల మంది ఆస్టియోఆర్థరైటిస్‌తో బతుకుతున్నారు. వారిలో 60 శాతం స్త్రీలు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవారు కోటీ 80 లక్షల మంది. వారిలో దాదాపు 70 శాతం స్త్రీలు. ఇవి రెండూ వేర్వేరు జబ్బులు. మొదటిది వయసు, పాత దెబ్బలు, బరువు, చేసిన పనులు అన్నీ కలిసి కీలు మొత్తంలో నెమ్మదిగా తెచ్చే మార్పు. రెండోది శరీరపు రోగనిరోధక వ్యవస్థ తన కీళ్ళ మీద తానే తిరగబడడం. రెండోదానికి మందులు తప్పనిసరి. వ్యాయామం ఆ మందులకి తోడే గాని బదులు కాదు. రెండింటిలోనూ స్త్రీలే ఎందుకు ఎక్కువ అంటే హార్మోన్లు, జన్యువులు, కండరాల బలం వంటి కారణాలు చెబుతారు. వాటిని కాదనక్కర్లేదు. అయితే 'ఆడవాళ్ళ శరీరమే అంత' అని సరిపెట్టుకుంటే, ఆ శరీరంతో ఇన్నేళ్ళూ ఏం చేయించారన్న ప్రశ్న మాయమైపోతుంది.

బీజింగ్‌లో 60 ఏళ్ళు దాటినవారి మీద జరిగిన ఒక అధ్యయనం 2001లో వెలువడింది. అక్కడి స్త్రీలను అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణపు తెల్లజాతి స్త్రీలతో పోల్చారు. బీజింగ్ స్త్రీలు వాళ్ళకంటే సన్నగా ఉన్నవారే. అయినా ఎక్స్‌రేలో కనిపించే మోకాలి ఆస్టియోఆర్థరైటిస్ వీరిలోనే ఎక్కువగా తేలింది. ఆ పరిశోధకులే 2004లో ఇంకో సంగతి ప్రకటించారు. పాతికేళ్ళ వయసులో రోజూ గంటల తరబడి గొంతుక్కూర్చున్నవారిలో ఈ జబ్బు ఎక్కువగా ఉందని. ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ కత్తిపీట గుర్తొచ్చింది. రోలు, కట్టెల పొయ్యి, బట్టలుతికే బండ, పేడనీళ్ళు చల్లిన వాకిట్లో ముగ్గు, చేలో వంగిన నడుముతో వేసే నాట్లు గుర్తొచ్చాయి. గొంతుక్కూర్చోవడం దానంతట అది పాపమేమీ కాదు. రోజుల తరబడి, ఏళ్ళ తరబడి, ఎప్పుడు లేవాలో తన చేతిలో లేకుండా కూర్చోవలసిరావడం గురించే నేనంటున్నది. వంటగట్లు వచ్చాక కత్తిపీటలు అటకెక్కాయి. ఆ మోకాళ్ళు మాత్రం ఇంకా మన ఇళ్ళలోనే తిరుగుతున్నాయి.

మన భాష కూడా ఈ విషయంలో మనకి న్యాయం చేయలేదు. "గుజ్జు అయిపోయింది", "చిప్పలు అరిగిపోయాయి" అంటాం. డాక్టరు కూడా ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తిపట్టి అదే మాట అంటాడు. అరిగిపోవడమన్నది చెప్పులకీ తిరగలికీ బండిచక్రానికీ చెందిన మాట. వస్తువు వాడితే అరుగుతుంది, దాచుకుంటే మిగులుతుంది. ఆ మాట చెవిన పడిన స్త్రీ ఏం చేస్తుంది? చాకిరీ ఎలాగూ తప్పదు కాబట్టి, తప్పించుకోగలిగినవన్నీ తప్పించుకుంటుంది. గుడికి నడవడం మానేస్తుంది, స్నేహితురాలి ఇంటి మెట్లెక్కడం మానేస్తుంది, సభలకీ ఊళ్ళకీ వెళ్ళడం మానేస్తుంది. మిగిలిన కాస్త గుజ్జునీ వంటింటి కోసం దాచిపెడుతుంది. క్షయ, క్యాన్సర్ల చుట్టూ అల్లిన ఉపమానాలు రోగిని ఎలా హింసిస్తాయో సూజన్ సాంటాగ్ 1978లోనే ఒక పుస్తకం రాసింది. మోకాలికి అంత పెద్ద ఉపమానం అక్కర్లేదు. 'అరుగుదల' అన్న చిన్న మాట చాలు, ఒక స్త్రీ ప్రపంచాన్ని రెండు గదులకి కుదించడానికి.

నిజానికి కీలు చెప్పులాంటిది కాదు. అది ప్రాణమున్న కణజాలం. ఎముకల చివర ఉండే మృదులాస్థిలో రక్తనాళాలుండవు. కీలు మీద బరువు పడి, మళ్ళీ తేలికై, ఇలా నొక్కి వదులుతూ ఉంటేనే చుట్టూ ఉన్న ద్రవంలోంచి దానికి పోషకాలు అందుతాయి. కదలిక దానికి అన్నం పెట్టడం వంటిది. తొడ ముందు భాగంలో ఉండే కండరం బలంగా ఉంటే మోకాలికి ఊతం. అది చిక్కిపోతే అడుగు తడబడుతుంది, నొప్పి పెరుగుతుంది, నొప్పికి భయపడి కదలకపోతే కండరం ఇంకా చిక్కుతుంది. పైగా ఎక్స్‌రేకీ నొప్పికీ లెక్క కుదరదు. ఫొటోలో కీలు బాగా దెబ్బతిన్నట్టు కనిపించినా హాయిగా నడిచేవాళ్ళున్నారు. ఫొటోలో పెద్దగా ఏమీ కనిపించకపోయినా రాత్రుళ్ళు నిద్రపట్టనివాళ్ళున్నారు.

ఈ విషయంలో వైద్యం కూడా తన మాట మార్చుకుంది. ఒకప్పుడు రుమటాయిడ్ ఆర్థరైటిస్ వస్తే మంచం మీద పడుకోబెట్టి, కీళ్ళకి చెక్కలు కట్టి, కదలవద్దనేవారు. నెదర్లాండ్స్‌లో 300 మందికి పైగా రోగులతో రెండేళ్ళు జరిపిన పరిశీలన ఫలితాలు 2003లో వచ్చాయి. గట్టి వ్యాయామం చేసినవాళ్ళు తమ పనులు మరింత బాగా చేసుకోగలిగారు. పెద్ద కీళ్ళకి అదనంగా నష్టమూ జరగలేదు. అప్పటికే బాగా పాడైపోయిన కీళ్ళున్నవారి విషయంలో మాత్రం జాగ్రత్త కావాలన్నారు. బ్రిటన్‌లో 490 మందితో జరిగి 2015లో వెలువడిన పరిశీలన ఒక్క చేతుల గురించే. వేళ్ళని సాగదీసే, బలపరిచే వ్యాయామాలు క్రమంగా నేర్పితే ఏడాది తర్వాత కూడా చేతిపనితనం మెరుగ్గా ఉంది. కలం పట్టుకుని బతికేవాళ్ళం కాబట్టి ఇది మనకి దగ్గరి సంగతి. ఆస్టియోఆర్థరైటిస్ గురించి బ్రిటన్ జాతీయ వైద్య మార్గదర్శకాలు 2022లో వ్యాయామాన్ని మొదటి వరసలో పెట్టాయి. మొదట్లో నొప్పి పెరగవచ్చనీ, అయినా క్రమం తప్పకుండా చేస్తే మేలనీ రోగికి ముందే చెప్పమన్నాయి. అలాగని దీన్ని సంజీవనిగా చూపించడమూ తప్పే. 2024లో వచ్చిన కోక్రేన్ సమీక్ష 139 పరిశీలనలను కలిపి చూసి, మోకాలి నొప్పి వ్యాయామంతో తగ్గుతుంది గానీ ఆ తగ్గుదల మరీ పెద్దదేమీ కాదని తేల్చింది. అయినా దీనివల్ల ప్రమాదం తక్కువ. కడుపులో పుండు చేసే నొప్పిమాత్రలతో పోలిస్తే ఆ కాస్త మేలూ తక్కువదేమీ కాదు.

నాకు మోకాళ్ళ నొప్పులు మొదలై తొమ్మిదేళ్ళయింది. రెండు నిమిషాల్లో "వయసు కదమ్మా, బరువు తగ్గండి" అని చీటీ రాసిచ్చిన వైద్యుడి దగ్గర్నుంచి ఫిజియోథెరపీ గదికి చేరేసరికే రెండేళ్ళు గడిచాయి. అక్కడ నా పక్క బల్ల మీద కామారెడ్డి వైపు నుంచి వచ్చిన ఒకామె ఉండేది. ముప్ఫయ్యేళ్ళు బీడీలు చుట్టిన మనిషి. ఒళ్ళో చాట పెట్టుకుని, బాసింపట్టు వేసుకుని, పొద్దుటి నుంచి దీపాలు పెట్టేదాకా అదే కూర్చోవడం. పాతికేళ్ళయినా నిండని ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఆమెని అడిగింది, నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుందో చెప్పమని. "నొప్పికి నంబరేంది బిడ్డా? ఉన్నదంటె ఉన్నది" అందామె. అమ్మాయి ఓపిగ్గా మళ్ళీ వివరించింది. ఆమె కాసేపు ఆలోచించి, "గిన్నేండ్లల్ల ఎంతున్నదని ఎవ్వలడిగిన్రు గనుక" అంది. తర్వాత నావైపు తిరిగి, "పొద్దంత పని జేస్తనె ఉంటి గదక్కా, మల్ల ఈ కసరత్తు ఎందుకంటవ్?" అని అడిగింది.

ఆ గదిలో వినబడిన ఈ రెండు ప్రశ్నలే ఈ వ్యాసానికి మూలం. రెండోదానితో మొదలుపెడతాను. పనీ వ్యాయామమూ ఒకటేనా? చెమట పడుతుంది కాబట్టి ఒకటే అనిపిస్తుంది. శరీరం దృష్ట్యా చూసినా అవి ఒకటి కావు. పనిలో శరీరం పనికి ఒదుగుతుంది. ఒకే భంగిమ, ఒకే వైపు బరువు, పని అయ్యేదాకా విరామం లేదు. కండరానికి ఎంత కావాలి, కీలు ఎంత మోయగలదు అన్నది పనికి అనవసరం. బిందె బరువు మోకాలిని చూసి తగ్గదు. వ్యాయామంలో కదలిక శరీరానికి ఒదుగుతుంది. కుర్చీలో కూర్చుని కాలు చాపి అయిదు లెక్కపెట్టేదాకా నిలపడం, మడిచిన తువ్వాలు మోకాలి కింద పెట్టి నొక్కడం, చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలెత్తడం. చూడడానికి పిల్లల ఆటల్లా ఉంటాయి. కానీ ఎన్నిసార్లు చేయాలి, మధ్యలో ఎంత విరామం, ఎన్ని వారాలకి ఎంత పెంచాలి అన్నదంతా ఆ శరీరం ఇవాళ ఎలా ఉందన్నదాన్ని బట్టే తేలుతుంది. ముప్ఫయ్యేళ్ళ బీడీలపని ఆమె తొడలకి ఈ లెక్కలో ఒక్కరోజు వ్యాయామమైనా ఇవ్వలేదు.

నీతి దృష్ట్యా చూస్తే తేడా ఇంకా లోతైనది. పని ఫలం పని చివర ఉంటుంది. అన్నం, ఉతికిన బట్ట, కట్టకట్టిన బీడీలు. శరీరం దానికి దారి మాత్రమే. వ్యాయామపు ఫలం చేసిన శరీరంలోనే మిగిలిపోతుంది. దాన్ని ఎవరికీ వడ్డించలేం, అమ్మలేం. బహుశా అందుకే స్త్రీ వ్యాయామం చేస్తుంటే ఇంట్లోవాళ్ళకి అదోలా ఉంటుంది. ఆమె చాప మీద పడుకుని కాలెత్తుతున్నప్పుడు ఎవరికీ ఏదీ తయారవడం లేదు. పూజ చేసుకుంటుంటే ఎవరూ పిలవరు, అది ఇంటి మేలు కోసమని. కాలెత్తుతుంటే మాత్రం "ఓ పక్క పాలు పొంగుతున్నాయి చూడు" అంటారు. స్త్రీకి కావలసినవాటి లెక్కలో చలం మెదడుకి జ్ఞానంతోనూ హృదయానికి అనుభవంతోనూ సమానంగా శరీరానికి వ్యాయామాన్ని కూర్చోబెట్టాడు. మిగిలిన రెంటి గురించీ మనం కథలు రాశాం, ఉద్యమాలు చేశాం, పరిశోధనలు చేశాం. వ్యాయామం దగ్గరికొచ్చేసరికి అదేదో అందచందాల వ్యవహారమనో, తీరుబడి ఉన్నవాళ్ళ వేడుకనో పక్కన పెట్టేశాం.

ఇక నంబరు సంగతి. చాలామంది ఫిజియోథెరపిస్టులు పాటించే సూత్రం ఒకటుంది. వ్యాయామం చేసేటప్పుడు నొప్పి పదింట అయిదు దాకా వస్తే ఫర్వాలేదు. అయిదు దాటకూడదు. పెరిగిన నొప్పి మర్నాటికల్లా మామూలు స్థాయికి దిగాలి. దిగకపోతే వ్యాయామం తగ్గించాలి, లేదా మార్చాలి. రుమటాయిడ్ ఉన్నవాళ్ళు కీలు వాచి వేడెక్కిన రోజుల్లో భారం తగ్గించుకోవాలి. నొప్పి అంటే ప్రతిసారీ నష్టం అని అర్థం కాదనీ, అయినా నొప్పిని వినకుండా ముందుకు పోకూడదనీ ఈ సూత్రం ఒకేసారి చెబుతుంది. మొదట వేసుకున్న ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇందులోనే ఉంది. 'ఓర్చుకో' అన్న మాట నొప్పి ఎంతుందని అడగదు. దానికి హద్దు లేదు, మర్నాడు తిరిగి చూసుకునే లెక్క లేదు. ఎంత ఓర్చుకుంటే అంత గొప్ప. భూదేవంత ఓర్పు అని మెచ్చుకుంటారు, భూదేవిని మాత్రం ఎవరూ అడిగిన పాపాన పోలేదు. 'కదలండి' అన్న మాట, సరిగ్గా చెప్పినప్పుడు, ముందు అడుగుతుంది. చెప్పవలసింది ఆమే. ఆపవలసిందీ ఆమే. ఆమె ఆరు అంటే ఎదుటి మనిషి తన లెక్క మార్చుకోవాలి.

అంటే తేడా నొప్పిలో లేదు. రెండుచోట్లా నొప్పి ఒకేలా ఉండవచ్చు. ఎంత నొప్పి అన్నది ఎవరు చెబుతున్నారు, ఆపే అధికారం ఎవరిది, దానివల్ల వచ్చే ఫలం ఎవరిది అన్న మూడు ప్రశ్నల్లో ఉంది తేడా. ఈ మూడింటికీ 'ఆమెది' అని జవాబు వస్తే అది కదలడం. రాకపోతే, చాప మీద చేసినా సరే, ఆస్పత్రిలో చేసినా సరే, అది ఓర్చుకోవడమే. నిమిషానికొక రోగిని చూస్తూ, నొప్పిని అడగకుండా కాలు వంచి "అంతే అంతే, ఓర్చుకోండమ్మా" అనే ఫిజియోథెరపీ కూడా లేకపోలేదు. పేరు మారినంత మాత్రాన పాత పాఠం కొత్తదైపోదు.

మూడో ప్రశ్న, ఫలం ఎవరిది అన్నది, వైద్యం లోపల కూడా ఉంది. మోకాలి, తుంటి ఆస్టియోఆర్థరైటిస్ తీవ్రతను కొలవడానికి ప్రపంచమంతా వాడే వోమాక్ అనే ప్రశ్నావళిలో 24 ప్రశ్నలుంటాయి. మెట్లెక్కడం, కుర్చీలోంచి లేవడం, బజారుకి వెళ్ళడంతో పాటు బరువైన ఇంటిపని, తేలికైన ఇంటిపని కూడా అందులో ఉన్నాయి. ఇంటిపని చేసుకోలేకపోవడం నిజమైన బాధే కాబట్టి ఆ ప్రశ్నలు ఉండవలసిందే. కానీ మన ఇళ్ళలో కోలుకోవడమంటే అర్థం ఆ రెండు ప్రశ్నల దగ్గరే ఆగిపోతుంది. "ఇప్పుడు ఫర్వాలేదు, వంట చేసుకుంటోంది" అని చుట్టాలకి చెబుతారు. పనిముట్టుకి సాన పట్టడం వేరు, మనిషి కోలుకోవడం వేరు. ఇప్పుడు సినిమాకి వెళ్ళగలుగుతోంది, లైబ్రరీ మెట్లెక్కగలుగుతోంది, నేలమీద కూర్చుని స్నేహితురాళ్ళతో రెండు గంటలు కబుర్లు చెప్పగలుగుతోంది అని ఎవరైనా అన్నారా? ఏ పని కోసం నడుస్తామో ఎంచుకునే హక్కు కూడా నడవగలగడంలో భాగమే.

కోలుకోవడం మాట పక్కన పెడితే, జబ్బు ఎందుకొచ్చిందన్న చోట ఇంకో ఉచ్చు ఉంది. వ్యాయామం మన చేతిలో ఉన్నదే కాబట్టి, చేయకపోతే తప్పు మనదే అన్న వాదన. బరువు విషయంలో ఇది మరీ ఎక్కువ. బరువుకీ మోకాలికీ సంబంధం ఉన్నమాట నిజం. ఫ్రేమింగ్‌హామ్ స్త్రీల మీద 1992లో వెలువడిన పరిశోధన, పదేళ్ళలో అయిదు కిలోల దాకా తగ్గినవారిలో నొప్పితో కూడిన మోకాలి ఆస్టియోఆర్థరైటిస్ వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గిందని చూపించింది. ఇది తెలుసుకోవలసిన విషయం. కానీ ఒక స్త్రీ ముఖం మీద "నీ లావే నీ రోగం" అనడానికి దీన్ని వాడినప్పుడు అది వైద్యం కాకుండా శిక్షగా మారుతుంది. సూజన్ వెండెల్ అనే తత్వవేత్త తన దీర్ఘవ్యాధి అనుభవంతో 1996లో రాసిన పుస్తకంలో, దేహాన్ని పూర్తిగా అదుపులో పెట్టుకోవచ్చన్న భ్రమని విమర్శించింది. ఆ భ్రమ ఉన్నంతకాలం జబ్బుపడినవారిని జబ్బు చేసినందుకే దోషులుగా చూస్తామని ఆమె వాదన. చెప్పిన వ్యాయామమంతా చేసి కూడా నొప్పితోనే మిగిలినవారున్నారు, చివరికి కీలుమార్పిడి ఆపరేషన్ తప్పనివారున్నారు. వాళ్ళెవరూ పరీక్ష తప్పినవాళ్ళు కారు. ఇక్కడ నాకు ఐరిస్ మేరియన్ యంగ్ చేసిన ఒక విభజన ఉపయోగపడింది. ఆమె మరణానంతరం 2011లో వచ్చిన పుస్తకంలో, జరిగిపోయినదానికి దోషిని వెతికే బాధ్యత వేరు, ఇక ముందు జరగవలసినదాన్ని అందరూ కలిసి పంచుకునే బాధ్యత వేరు అంటుంది. ఆమె సామాజిక అన్యాయం గురించి రాసిన ఆ మాట మోకాలికీ వర్తిస్తుంది. నా నొప్పికి నేను దోషిని కాను. రేపటి అడుగు విషయంలో మాత్రం నాకు బాధ్యత ఉంది. నా ఒక్కదానికే కాదు, నాతో బతికేవాళ్ళకీ ఉంది.

ఆ పంచుకోవడం మొదట కాలంలో జరగాలి. మన దేశంలో 2024లో జరిగిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకి 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే పురుషులు 88 నిమిషాలు. ఫిజియోథెరపీ అడిగేది వారానికి రెండు మూడుసార్లు, అరగంటో ముప్పావుగంటో. అంకెల్లో అదేమంత కాదు. కానీ స్త్రీకి ఉన్న కాలం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. అన్నం ఉడికేలోపు అయిదు నిమిషాలు, పిల్లవాడు లేచేలోపు పది నిమిషాలు. ఎవరూ పిలవని అరగంట కావాలంటే ఎవరో ఒకరు ఆ పిలుపుకి పలకాలి. మధ్యతరగతి ఇళ్ళలో ఆ 'ఎవరో ఒకరు' భర్తా కొడుకూ కారు, పనామె. నేను చాప మీద మోకాళ్ళు బలపరుచుకునే వేళకి ఆమె మా ఇంట్లో గొంతుక్కూర్చుని ఇంకో మోకాళ్ళ జత ఖర్చుపెడుతూ ఉంటుంది. స్త్రీ దేహం స్త్రీదే అన్న మాట ఒక వర్గపు స్త్రీ నుంచి ఇంకో వర్గపు స్త్రీకి నొప్పిని బదిలీ చేసేదైతే మనం సాధించింది ఏమీ లేదు. నిలబడి తోముకునే తొట్టి, నిలబడి తుడిచే కర్ర, జీతంతో కూడిన సెలవు, డాక్టరు దగ్గరికి వెళ్ళే పూట. ఇవి దయతో ఇచ్చేవి కావు, మన వ్యాయామపు చాప పరిచే ముందే తీర్చవలసిన బాకీలు.

కాలం తర్వాత సిగ్గు. 'అమ్మాయిలా విసరడం' గురించి 1980లో రాసిన వ్యాసంలో ఇదే ఐరిస్ యంగ్, ఆడపిల్ల తన చుట్టూ ఉన్న చోటుని పూర్తిగా వాడుకోదని, తన శరీరం ఏదో చేయగలదన్న నమ్మకం కంటే దాన్ని ఎవరో చూస్తున్నారన్న స్పృహతోనే కదులుతుందని చెప్పింది. మనకి తెలియనిదేం కాదు. కాళ్ళు బారచాపవద్దు, గట్టిగా అడుగు వేయవద్దు, మగవాళ్ళ ముందు పడుకోవద్దు. ఫిజియోథెరపీ గదిలో ఇవన్నీ ఒక్కసారిగా చేయమంటారు. ఈ వృత్తి చరిత్రలోనూ ఆ సిగ్గు ఉంది. 1894లో లండన్‌లో నలుగురు నర్సులు శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘాన్ని స్థాపించారు. అదే తర్వాత బ్రిటన్ ఫిజియోథెరపిస్టుల సంఘమయింది. మర్దన పేరుతో వ్యభిచార గృహాలు నడుస్తున్నాయని అప్పట్లో గగ్గోలు. ఆ నర్సులు తమ గౌరవం కాపాడుకోవడానికి డాక్టరు చెప్పనిదే ఎవరికీ వైద్యం చేయరాదని, మగవాళ్ళకి మర్దన చేయరాదని నియమాలు పెట్టుకోవలసి వచ్చింది. దేహాన్ని తాకి నయం చేసే స్త్రీ, దేహాన్ని చాచి నయం చేసుకునే స్త్రీ, ఇద్దరూ ముందు తమ శీలానికి జవాబు చెప్పుకోవలసిందే.

సిగ్గుకి మందు గుంపే. మన తెలుగులో తొంభైల మొదట్లో వచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం స్త్రీలు కలిసి కూర్చుని తమ శరీరాల గురించి మాట్లాడుకోవడంలోంచి పుట్టింది. డెన్మార్క్‌లో 2013లో మొదలై అనేక దేశాలకి పాకిన 'గ్లాడ్' అనే కార్యక్రమంలో రోగులకి ముందు జబ్బు గురించి రెండు పాఠాలు చెప్పి, తర్వాత 12 సార్లు ఫిజియోథెరపిస్టు సమక్షంలో వ్యాయామం చేయిస్తారు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా పొదుపు సంఘాలున్నాయి. వారానికోసారో నెలకోసారో స్త్రీలు ఒకచోట కూర్చుంటున్నారు. అక్కడ అప్పు లెక్కలతో పాటు నొప్పి లెక్కలూ మాట్లాడుకోవచ్చు. నేర్పడానికి ఒక ఫిజియోథెరపిస్టుని పంపమని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని అడగవచ్చు. పదిమంది ఆడవాళ్ళు ఒకేసారి కాళ్ళు చాపితే సిగ్గుపడవలసింది చూసేవాళ్ళే.

అంత దూరం పోనక్కర్లేకుండా మన ఇంటి సంగతీ చూసుకుందాం. మన సభల్లో స్త్రీదేహ రాజకీయాల మీద మూడేసి గంటలు ప్లాస్టిక్ కుర్చీల్లో కదలకుండా కూర్చుంటాం. మధ్యలో లేస్తే మాట్లాడేవారికి అగౌరవమని మోకాళ్ళు పట్టేసినా ఓర్చుకుంటాం. చివర్లో లేవలేక పక్కవారి చెయ్యి అందుకుని నవ్వుకుంటాం. వచ్చే సభలో గంటకోసారి పత్రసమర్పణ ఆపి అందరం లేచి నిలబడదాం, ఆ హాల్లోనే నాలుగడుగులు నడుద్దాం. నేలమీద కూర్చోలేనివారు కుర్చీ అడగడానికి సంకోచించకూడదు, కుర్చీలోంచి లేవలేనివారు సాయం అడగడానికి సంకోచించకూడదు. అధ్యక్షురాలు గంట కొట్టినా సరే, లేచినవాళ్ళం మన లెక్క పూర్తయ్యాకే కూర్చుందాం.